ఆయనగారి చేతి గ్రీకు చికెన్

ఆయనగారి ఆఫీసు రిసెప్షన్ అమ్మాయి కొత్త కళ్ళజోడు కోసం వాళ్ళావిడ పనిచేసే దుకాణానికి రాకపోయి ఉంటే ఈ ఘోరం ఇంకెన్నాళ్ళు సాగేదో ఆ దేవుడికే తెలియాలి.

దుకాణంలో ఫ్రేములు సరిచేసే పని ఆవిడది. ఆ అమ్మాయి ముక్కు మీద ఫ్రేము నిలబెట్టి, చెవుల వెనక కాడలు ఒద్దికగా వంచుతూ ఉంది. అమ్మాయి అద్దంలోంచి ఆవిడ మొహం చూసి గుర్తుపట్టింది.

"మీరు మా ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిమ్స్ చూసే సారు వాళ్ళావిడ కదూ? పోయినేడు ఆఫీసు ఫంక్షన్‌లో చూశాను. అబ్బ, ఎంత అదృష్టవంతులండీ మీరు!"

"అంత అదృష్టం ఏం చేసుకున్నానమ్మా?"

"అదేంటండీ, మీ ఇంట్లో వంటంతా సారేనటగా! ఆ గ్రీకు చికెన్ తెచ్చిన రోజు మా ఆఫీసులో ఎవరూ క్యారేజీలు విప్పరు. మగాడన్నవాడు వంట నేర్చుకోవాలండీ అని మా కుర్రాళ్ళందరికీ క్లాసు కూడా పీకుతారు. అందరూ ఆయన్ని షెఫ్ గారూ అనే పిలుస్తారు."

ఆవిడ చేతిలో ఉన్నది పరాయివాళ్ళ కళ్ళజోడు కాబట్టి విరగలేదు. లేకపోతే ఏమయ్యేదో చెప్పలేం.

వినడానికి ఇది చిన్న సంగతే. కానీ ఆ చికెన్ ఆవిడకి చిన్న సంగతి కాదు. ఇంట్లో మిగతా వంటంతా అమ్మ నేర్పిందో అత్తగారు నేర్పిందో. ఇదొక్కటే ఎవరూ నేర్పకుండా, పిజ్జాల మీద చల్లే ఒరెగానో సీసా వెనక నాలుగు ముక్కలు చదువుకుని తనంతట తాను పట్టుకున్న వంట. మొదటిసారి నిమ్మరసంలో రాత్రంతా నానబెడితే మాంసం తడిసిన దూదిలా పీచులు పీచులుగా పోయింది. తర్వాత గట్టి పెరుగు, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి ముందు పట్టించి, నిమ్మరసం ఆఖర్న పోయాలని తెలుసుకుంది. నిమ్మతొక్క కోరితే పైన పసుపు పొర వరకే కోరాలనీ, కింద తెల్లభాగం తగిలిందా మొత్తం చేదేననీ పారబోసి మరీ నేర్చుకుంది. ఆ పారబోసిన రోజుల్లో ఈ షెఫ్ గారే "మామూలు కూర వండక నీకెందుకే ఈ తిప్పలు" అని సణిగాడు!

సాయంత్రం ఆయన చెప్పులు విప్పేలోపే నిలదీసింది.

"ఎప్పటినుంచీ వండుతున్నారండీ చికెన్?"

ఆయనకి సంగతి అర్థమైపోయింది. తేలు కుట్టిన దొంగలా వంగి చెప్పులు విప్పడంలో మునిగిపోయాడు.

"ఏదో మాట వరసకి అన్నానే. మొదట్లో ఎవరో, సార్ మీరే చేశారా అన్నారు, ఊఁ అన్నాను. అయినా ఎవరు వండితే ఏంటి? నువ్వూ నేనూ వేరా?"

"వేరు కాకపోతే మరి నా పేరు చెప్పాల్సింది! నా పేరు చెప్పినా మీ పేరు చెప్పినట్టే కదా? అప్పుడు గుర్తు రాలేదే ఈ ఒకటేతనం!"

"అబ్బా, గట్టిగా అరవకే. అసలు చిక్కు వేరే ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఆదివారం మేనేజరు గారూ, వాళ్ళావిడా వస్తున్నారు. నేను వండుతుంటే చూస్తారట. వాళ్ళావిడ నేర్చుకుంటుందట. నువ్వు పొద్దున్నే అన్నీ కలిపి ఫ్రిజ్‌లో పెట్టేశావనుకో, నేను వాళ్ళ ముందు పెనం మీద వేసి అటూ ఇటూ తిప్పుతాను. మా బంగారం కదూ!"

ఔరా! దొంగతనం చేసింది చాలక మూట కూడా మోసిపెట్టమంటున్నాడు! ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను వేలు కూడా పెట్టను. మీరే కలపండి, మీరే వండండి. నేను అదృష్టవంతురాల్నట కదా, హాల్లో కూర్చుని తింటాను."

ఆయన నమ్మలేదు. అదీ ఆయన చేసిన తప్పు. ఇన్నేళ్ళూ కోపం వచ్చినప్పుడల్లా ఆవిడ గిన్నెలు చప్పుడు చేసి, ఆ గిన్నెల్లోనే వండి పెట్టింది. ఆదివారానికి దానంతటదే చల్లారుతుందిలే అనుకుని ఆయన హాయిగా ఉన్నాడు.

ఆదివారం పొద్దున్న ఆవిడ ఫ్రిజ్ తలుపు కూడా తీయలేదు. తలంటుకుని, మంచి చీర కట్టుకుని హాల్లో కూర్చుంది. ఆయన రెండుసార్లు వచ్చి బతిమాలాడు. మూడోసారి వస్తుండగా కాలింగ్ బెల్ మోగింది.

మేనేజరు దంపతులు నేరుగా వంటగదిలోకే వచ్చి నిలబడ్డారు. ఆయన కొత్త ఏప్రన్ కట్టుకుని చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. తర్వాత గోడవైపున్న మొదటి అలమర తీశాడు. అందులో చీపురు కట్టలున్నాయి.

"ఇదిగో, ఆ పెద్ద గిన్నె ఎక్కడ?"

"మీరు ఎప్పుడూ పెట్టేచోటే చూడండి!" అంది ఆవిడ హాల్లోంచి.

పాపం మేనేజరు గారి భార్యే వెతికి గిన్నె తీసిచ్చింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా ఆమే కనిపెట్టింది. ఆయన పెరుగులో నిమ్మకాయలు పిండి, కోరాముతో తొక్క కోరడం మొదలుపెట్టాడు. పసుపు పోయింది, తెలుపు వచ్చింది, ఆ తెలుపూ పోయింది, ఇంకా కోరుతూనే ఉన్నాడు. హాల్లోంచి చూస్తున్న ఆవిడకి చెయ్యి దురద పెట్టింది. లేచి వెళ్ళి ఆ కోరాము లాక్కోవాలనిపించింది. బంగారంలాంటి చికెన్, అన్యాయంగా పాడైపోతోంది! మొగుడి మీద కన్నా ఆ కోడి మీదే జాలేసింది. అయినా పళ్ళు బిగించి కూర్చుంది.

అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. మేనేజరు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, మళ్ళీ నెమ్మదిగా నమిలాడు. మేనేజరు భార్య గబగబా మంచినీళ్ళు తాగింది. ఇంటాయన తినకుండా పెళ్ళాం వంకే చూస్తున్నాడు. ఈ ఒక్కసారికీ ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమని ఆ చూపు. చెప్పడం ఎంతసేపు? నిమ్మకాయలు మంచివి కాదంటే సరిపోతుంది.

మేనేజరు గారి భార్య మర్యాదస్తురాలు. నవ్వు తెచ్చుకుని, "మీరు నిజంగా అదృష్టవంతులండీ. రోజూ మీవారు ఇలాగే చేసి పెడతారా?" అని ఇల్లాలిని అడిగింది.

ఆవిడ ఒక ముక్క పూర్తిగా నమిలి మింగింది. చేదు గొంతు దాకా దిగింది.

"లేదండీ, ఇదే మొదటిసారి. మొదటిసారికి బాగానే చేశారు."

మేనేజరు ముందు ఇంటాయన వంక చూశాడు, తర్వాత ఆవిడ వంక చూశాడు. ఇంటాయన మొహం కందగడ్డలా అయిపోయింది. ఏప్రన్ ముడి విప్పబోయాడు, అది రాలేదు.

"అది కాదు సార్... ఇన్నాళ్ళూ మీరు తిన్నది ఆవిడ చేతి వంటే. నేను డబ్బా మోసుకొచ్చాను, అంతే." ఆ తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. "చెప్పేశాను కదే. ఇంక సరేనా?"

ఆవిడ తన కంచం పక్కకి జరిపి ఆయన వంక సూటిగా చూసింది.

"సరే ఎలా అవుతుందండీ? నేను వండానని వీళ్ళిద్దరికీ తెలిస్తే చాలా? అబద్ధం చెప్పింది ఇక్కడ కాదు కదా. రేపు ఆఫీసులో, అందరూ క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు, లేచి నిలబడి చెప్పండి."