కంప్యూటర్ వద్దన్న కిటికీ

పగిలిన ఇటుక నుంచి విరిగిన దూలం దాకా తన కంప్యూటర్ దేన్నీ వద్దనదని కొలతలక్క గొప్పలు చెప్పుకుంటుంది. కూల్చిన ఇళ్ల సామాను యార్డుకు రాగానే ఒక్కోదాన్నీ దులిపి, మేకులు పీకి, బల్ల మీద పెట్టి స్కాన్ చేయడం ఆమె పని. ఆ కొలతలను బట్టి ఏ ముక్క ఎక్కడ ఇముడుతుందో చూసుకుని, కంప్యూటరే కొత్త భవనం గీస్తుంది.

"ఆ బల్ల మీద నన్ను పడుకోబెట్టినా ఓ మూల మెట్టుగా వేసేస్తుంది," అంటుంది, నవ్వకుండా.

ఆ ఉదయం అది ఒకదాన్ని వద్దంది.

పాత బడి నుంచి వచ్చిన కిటికీ చట్రం. వడ్రంగిగా ఆమె భర్త చేసిన మొదటి పని. ఒక మూల పైకి లేచి, ఇంకో మూల కిందికి కుంగి, ఆవులింత మధ్యలో ఆగిపోయిన నోరులా ఉంటుంది. తర్వాత ఊళ్లో సగం తలుపులు తిన్నగా చేసినా, వంకర మేస్త్రీ అన్న పేరు ఆయన్ని వదల్లేదు. ఇప్పుడు మంచం పట్టాడు. ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. బడి కూల్చారని తెలిసినప్పటి నుంచి ఒక్కటే అడుగుతున్నాడు: "నా కిటికీని తీసుకుంటుందంటావా?"

తెర మీద ఎర్ర గీత. ఆమె చట్రాన్ని తుడిచి మళ్లీ పెట్టింది. తిరగేసి పెట్టింది. కంప్యూటర్‌కి కనపడకుండా వంకర మూలకి చెయ్యి అడ్డం పెట్టి కూడా చూసింది.

"అక్కా, మీ చెయ్యిని కూడా కొలిచేసింది," అంది డిజైన్ చేసే అమ్మాయి. "వంకర మరీ ఎక్కువ. పక్క ముక్కలు అతకవు. దానికి మొహమాటం ఉండదు."

"నువ్వు చెబితే వినదా?"

"నా మాట మా ఇంట్లో పిల్లి కూడా వినదు."

అన్నదే గానీ, ఆ అమ్మాయి సాయంత్రం దాకా తెర మీద గోడను అటూ ఇటూ లాగి చూసింది. ఎర్ర గీత పోలేదు. చట్రం కట్టెల కుప్పలోకి వెళ్లింది.

కొలతలక్క ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అందుకుంది. "తీసుకుంది. నీ కిటికీ కోసం గోడంతా వంచింది. ఇంజినీర్లు వరసకట్టి చూశారు. ఒకాయన ఏడ్చాడు కూడా."

ఆయన దిండు మీదే తల ఆమె వైపు తిప్పాడు. "నిజమే అయితే పొద్దున్నే ఫోన్ చేసి నా బుర్ర తినేసేదానివి కదే."

ఆమె మంచం అంచున కూలబడింది. "వద్దంది."

"వంకరనా?"

"కాదు. వంకర దానికి లెక్కే కాదు. చెద పట్టిందట."

"చెద నేను పట్టించలేదుగా."

"నువ్వెందుకు పట్టిస్తావ్."

ఆయన ముఖంలో ఏదో సర్దుకుంది. "కాస్త పక్కకి జరుగు, కాళ్లు చాపుకుంటా," అన్నాడు. తెల్లారేసరికి ఆ కాళ్లు అలాగే చాపి ఉన్నాయి.

ఆమె పనిలోకి రాని ఆ వారమంతా, కట్టెల కుప్ప మీద కిటికీ చట్రం వానకు తడుస్తూ, ఎండకు ఆరుతూ ఉంది. వంకరదే గానీ, నిక్కమైన టేకు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క చెద చిల్లు లేదు.