ఒదిగి రా

కింది దారపు కండె కూర్చునే బాబిన్ కేసులోకి ఉఫ్‌మని ఊది, అందులో చేరిన నూగును ఎగరగొట్టి, వదిన దాన్ని ఎంబ్రాయిడరీ మిషను అడుగున బిగించింది. ఆ కుట్టుపని షెడ్డులో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. పొట్టి మనిషి. ఎడమ బొటనవేలి మీద పాత సూదిపోట్ల గరుకు, కళ్లజోడు కాడకు విరిగిన చోట చుట్టిన ఎర్రదారం. పొద్దుటినుంచి గుండెల మీద ఏదో బరువుగా ఉంటే, పరగడుపున తాగిన టీ పడలేదులే అనుకుంది.

పగలంతా ఆమె పని చొక్కా జేబుల మీద కంపెనీ గుర్తు వేయించడం. ఎన్ని జేబులైనా అదే గుర్తు. భోజన విరామంలో మాత్రం ఆ మిషనూ, దాని పక్కనున్న ముసలి కంప్యూటరూ ఆమె సొంతం. యజమాని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆ విరామాల్లోనే, ఒక చేత్తో డబ్బాలోది తింటూ, ఆమె ఒక భాషను తయారు చేసింది. మిషనుకు అంకెలు తప్ప మరేమీ తెలియవు: కుడికి ఇంత, పైకి ఇంత, సూది దించు. ఆమె భాషలో ఉన్నవన్నీ అమ్మ మాటలు, చేతికుట్టు నేర్పేటప్పుడు పక్కన కూచుని అన్నవి. ‘వెనక్కి చూడు’ అంటే ముందరి పువ్వును చూసి, అచ్చం అదే కాకుండా దాని చెల్లెలిలాంటిది వెయ్యమని. ‘ఊపిరి తీసుకో’ అంటే కాస్త ఖాళీ వదలమని. ‘ఒదిగి రా’ అంటే మరో పువ్వు మీద పడకుండా వంగి నడవమని. ఈ మాటల్ని అంకెల్లోకి తర్జుమా చేసి, ఒక్కో కుట్టు చొప్పున మిషనుకు అందించే ప్రోగ్రామును ఆమె ఇంటర్నెట్ పాఠాలు చూసి, పడుతూ లేస్తూ రాసుకుంది.

అమ్మ కుట్టిన గుడ్డ ఒక్కటీ మిగల్లేదు. అన్నీ అమ్ముకుని తిన్నవే. చేతివణుకు వచ్చాక వదిన కూడా చేతికుట్టు మానేసింది. అమ్మ పనితనం ఇంకొక్కసారి కళ్లబడాలన్నదే ఆమె ఆశ. నిన్నటిదాకా మాత్రం పువ్వులన్నీ బస్సెక్కే జనంలా ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

“ఏం వదినా, ఇవాళైనా మిషనుకి మాటలొచ్చాయా?” కటింగ్ మేస్త్రి కత్తెర పక్కన పెట్టి వచ్చాడు.

“వస్తే ముందు నిన్నే తిడుతుంది, మరిదీ.”

“కాకిపిల్ల కాకికి ముద్దు. సరే కానీ, ఆపాలంటే ఏమనాలి దీన్ని?”

వదిన నవ్వింది. “ఆ మాట పెట్టలేదు. మా అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. దారం అయిపోతే లేచేది, అంతే.”

మీట నొక్కింది. సూది కదిలింది. ఒక పువ్వు పూసింది. దాని పక్కన కాస్త తలవంచుకుని మరొకటి. మూడోది చిన్నది, అలిగినట్టుంది. వీటిలో ఏదీ వదిన గీసింది కాదు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పువ్వుల తీగ తిన్నగా గుడ్డను పట్టి ఉంచే ఇనుప ఫ్రేము వైపు వెళ్తోంది. తగిలితే సూది ముక్కలే. మేస్త్రి మిషనును ఆపే ఎర్రబొత్తాం మీదికి చెయ్యి చాపాడు.

“ఉండు!” ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

అంచు దగ్గర తీగ తనంతట తానే వంగింది. మెల్లగా మళ్లి, వచ్చిన దారి పక్కనే వెనక్కి నడిచింది. ‘ఒదిగి రా’ను ఆమె పువ్వుల కోసమే రాసింది. ఆ మాట ఫ్రేమునూ ఒక పువ్వు కిందే జమకట్టింది. అమ్మ కూడా గుడ్డ అంచున అచ్చం ఇలాగే తిప్పేది! ఆ సంగతి వదినకు ఇన్నేళ్లూ గుర్తే లేదు. మాటల్లో అది దాగే ఉంది.

“అమ్మే,” అంది. “చూడు మరిదీ, మా అమ్మే.”

“ఉండు వదినా, అందర్నీ పిలుచుకొస్తా!” కాకిపిల్ల సంగతి మరిచిపోయి మేస్త్రి పరుగెత్తాడు.

అందరూ వచ్చేసరికి ఆమె తల గోడకు ఆన్చి, మిషను వైపు ముఖం పెట్టి కూర్చునుంది. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. ఇంకా చూస్తోందనే అనుకున్నారు. మేస్త్రి పిలిచాడు, మళ్లీ పిలిచి భుజం తట్టాడు. ఆ తర్వాత ఆమెను మోసుకుంటూ అందరూ బయటికి పరుగెత్తారు. ఆసుపత్రిలో చేయడానికి ఏమీ మిగల్లేదు.

మిషనును ఆపాలని ఎవరికీ తోచలేదు. ఖాళీ షెడ్డులో అది కుడుతూ కుడుతూ, దారం అయిపోయాకే ఆగింది. ఫ్రేములో బిగించిన గుడ్డ మీద, అంచుదాకా వెళ్లి తిరిగొచ్చిన తీగ చివర ఒక పువ్వు సగం విచ్చుకుని ఉంది. తర్వాతి రేకు మొదలుకావలసిన చోట సూది దిగి ఉంది.