వీపులావిడ

నా ఉద్యోగం లిఫ్టులో స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కడం. ఎప్పటిదో పాత లిఫ్టు. స్టూలూ మీటలూ వెనక మూలన ఉంటాయి. లోపలికి వచ్చినవాళ్ళు వచ్చీ రాగానే తలుపు వైపు తిరిగి నిలబడతారు కాబట్టి నాకు మిగిలేవి వీపులే. “ఏడు” అంటారు. అదీ తలుపుతోనే అంటారు, నాతో కాదు.

ఏమీ తోచక ఆ వీపుల్నే పెన్సిలుతో గీయడం మొదలుపెట్టాను. చెల్లెలి కూతురు అవి చూసి, “భలే ఉన్నాయి పెద్దమ్మా!” అంటూ నన్ను ఫోనులో బొమ్మలవాళ్ళ గ్రూపులో చేర్చింది. ఎవరి బొమ్మ వాళ్ళు పెడతారు, మిగతావాళ్ళు తప్పులు చెబుతారు. అందులో రబ్బరు మాస్టారని ఒకాయన ఉన్నాడు. ఎవరు ఏం పెట్టినా చెరిపేయమంటాడని ఆ పేరు. నా మొదటి బొమ్మ కింద ఏం రాశాడో తెలుసా?

“ఇది మనిషేనా, గోనెసంచికి చొక్కా తొడిగారా? చెరిపేయండి.”

ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నాను. మర్నాడు లిఫ్టులో మాత్రం కళ్ళు వాటంతటవే నడుముల మీదికి పోయాయి. ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే అటువైపు నడుము లేస్తుంది, అటు భుజం దిగుతుంది. దొంగసచ్చినోడు, చెప్పింది నిజమే!

అలా తిట్టుకుంటూ చెరిపాను, చెరుపుతూ నేర్చుకున్నాను. గ్రూపులో నాకు ‘వీపులావిడ’ అని పేరు కూడా పెట్టారు. ఎవరో నన్ను ఒక పేరుతో పిలుస్తున్నారని లోలోపల మురిసిపోయాను.

అంతా బాగానే ఉందనుకుంటే మాస్టారు కొత్త మెలిక పెట్టాడు. “వీపులు చాలమ్మా. ఈ ఆదివారానికి ఎదురుగా కూర్చున్న మనిషిని వేసి పెట్టండి. ఫొటో చూసి వేస్తే ఒప్పుకోను. ఎదురుగా మనిషి ఉండాలి.”

నేనుండేది ఒంటిగదిలో. మొగుడూ పిల్లలూ లేరు. ఎందుకు లేరని అడక్కండి, చెప్పి చెప్పి విసుగొచ్చింది. సరే, అడిగి చూద్దాం, పోయేదేముంది అనుకున్నాను. ఐదో అంతస్తు అకౌంటెంటుతో, “బాబూ, ఆదివారం కాసేపు నా ఎదురుగా కూర్చుంటారా? బొమ్మ గీసుకుంటాను” అన్నాను. “ఐదు” అన్నాడు. చెవుల్లో వైర్లు. టీకొట్టు ఆవిడ, “నేను కూర్చుంటే కొట్టు ఎవరు చూస్తారక్కా?” అని నవ్వేసింది. చెల్లెలి కూతురికి ఫోను చేస్తే, “అయ్యో పెద్దమ్మా, ఫొటోలు కావలసినన్ని పంపిస్తాగా!” అంది. ఇంకెవర్నడగాలో తెలియలేదు. నాకు తెలిసినవాళ్ళు అంతటితో అయిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ ఎదురుగా వేసుకుని, మంచం మీద కూర్చుని ఆ ఖాళీ కుర్చీనే గీసి పెట్టాను. నీడలు భలే కుదిరాయని అందరూ మెచ్చుకున్నారు. మాస్టారు మాత్రం, “కుర్చీ బాగుంది. మనిషెక్కడ?” అని రాశాడు.

నా కోపం నషాళానికంటింది. “మనిషే ఉంటే మీ గ్రూపులో నాకేం పనండీ?” అని కొట్టి పంపేశాను.

పంపాక తీసేద్దామనుకునేసరికే అందరూ చూసేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఆ గ్రూపు కూడా లేనట్టే అనుకున్నాను.

అంతలో ఫోను మోగింది. వీడియో కాలు. తెర మీద సన్నటి ముసలాయన. చొక్కా ఇస్త్రీదే, గుండీలు మాత్రం ఒకదానికొకటి తప్పాయి. వెనక బోసిగోడ.

“కూర్చున్నాను. గీయండి” అన్నాడు.

“మీకెందుకు మాస్టారూ శ్రమ...”

“మాట్లాడితే దవడ కదులుతుంది. గీయండమ్మా.”

ఫోనును ఆ కుర్చీకే ఆనించి మొదలుపెట్టాను. చెవులు వచ్చాయి, మెడ వచ్చింది, భుజాలు చకచకా వచ్చేశాయి. కళ్ళ దగ్గర ఆగిపోయాను. గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం. కాగితం అక్కడ పలచబడి చిరిగింది. చివరికి విసుగొచ్చి అలాగే చూపించాను.

“మెడ బాగుంది. కళ్ళనేమైనా ఎలుక కొరికిందా?” అన్నాడు. “ఇదిగో, నేనూ ఊరికే కూర్చోలేదు.”

తన కాగితం చూపించాడు. నా పాపిడి, నెరిసిన జుట్టు, వంగిన భుజాలు. ముఖం లేదు.

“గంట నుంచీ మీ పాపిడే గీస్తున్నానమ్మా. తల ఎత్తితేగా!”

“ఎత్తకుండానే గీశానా?”

“దొంగచూపులు చూసి గీశారు. నేను చూడబోతే దించేసుకున్నారు.”

“అలవాటు లేదండీ!” గట్టిగానే అన్నాను. “నావైపు తిరిగేవాళ్ళుంటే కదా అలవాటయ్యేది!”

“నేను తిరిగే కూర్చున్నానుగా” అన్నాడు. “నాకివాళ వేరే పని లేదు. ఏ ఆదివారమూ ఉండదు. కొత్త కాగితం తీయండి. ఈసారి నన్ను చూడండి.”

తల ఎత్తాను. చిన్న కళ్ళు, కింద ఉబ్బిన సంచులు, నావైపే చూస్తున్నాయి. ముందు సిగ్గేసింది. ఆ తర్వాత ఎక్కడ దాగుందో ఏమో, ఏడుపు ముంచుకొచ్చింది. తుడుచుకుందామని చెయ్యెత్తాను.

“కదలకండి!” అని కసిరాడు రబ్బరు మాస్టారు. “ఇప్పుడే కదా ముఖం కనబడింది.”