ఆనుకున్న వస్తువు

"కాలు కదపకండి," అన్నాను మూడోసారి. మా ఆయన సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. కుడికాలు మాత్రం నేల మీద పరిచిన తెల్లకాగితం మీద పెట్టాడు. నేను మోకాళ్ల మీద వంగి ఆ పాదం చుట్టూ పెన్సిల్ తిప్పుతున్నాను. పెన్సిల్ నిటారుగా ఉండాలట, లోపలికి వాలితే బూటు బిగుతవుతుందట, బయటికి వాలితే వదులవుతుందట. ఆయన ఏదో వీడియో చూసి నవ్వినప్పుడల్లా బొటనవేలు కూడా నవ్వుతోంది. "నీకు కొలతలు అలవాటేగా, పది నిమిషాల పని," అన్నాడు. మా ఇంట్లో పది నిమిషాల పనులన్నీ నావే. అవన్నీ కలిపితే ఒక రోజు అయిపోతుంది, ఆ రోజు కూడా నాదే.

ఈ బూట్ల గోల ఆయన పైఅధికారి కాళ్ల దగ్గర మొదలైంది. వేరే దేశంలో ఎక్కడో ఒక చిన్న కార్ఖానా, ఒక పెద్దాయన, ఇద్దరు పనివాళ్లు. చేత్తోనే తోలు కోసి, చేత్తోనే కుట్టి, మనిషి కాలి కొలతకు బూట్లు చేసి పంపుతారు. ఏడాదికి ఇంటికి ఒక్క జతే, అదీ వంతు వస్తేనే. పైఅధికారి ఆ బూట్లు తొడుక్కుని మీటింగులో కాలు మీద కాలు వేసుకున్న రోజు నుంచి మా ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. "యాభై ఏళ్లొచ్చాయి, నాకోసమని కుట్టిన జత ఒక్కటంటే ఒక్కటి లేదు," అన్నాడు. అబద్ధం ఎందుకు, పాపం అనిపించింది. పెద్దాయనకు ఉత్తరాలు రాసింది నేను, ఫారం నింపింది నేను, వంతు దొరికేదాకా నాలుగు నెలలు వెంటపడింది నేను. ఆఫీసులో మాత్రం "నేను ఆర్డరిచ్చాను" అని చెప్పుకున్నాడు. ఉత్తరాలన్నీ నా మెయిల్ నుంచే వెళ్లాయి కాబట్టి వంతు నా పేరు మీద నమోదైంది. ఆ సంగతి అప్పట్లో ఇద్దరమూ పట్టించుకోలేదు.

నేను చేసేది కళ్లజోళ్ల షాపులో. ఎనిమిది గంటలు నిలబడే ఉద్యోగం. "కస్టమరు ఉండగా కూర్చోవద్దమ్మా, షాపు నిద్రపోతున్నట్టుంటుంది," అంటాడు ఓనరు. కనుపాపల మధ్య దూరం కొలవడంలో నా చేతికి తిరుగులేదని ఆయన కూడా ఒప్పుకుంటాడు. మనిషి తలుపు తీసుకుని లోపలికి వస్తుండగానే ఆ ముక్కు మీద ఏ ఫ్రేము నిలుస్తుందో చెప్పేస్తాను. ఏళ్ల తరబడి చదవడం మానేసిన ముసలావిడ కొత్త అద్దాలు పెట్టుకుని, తన మందుసీసా మీది అక్షరాలు తనే కూడబలుక్కుంటుంటే చూడాలి. ఆ పనంటే నాకు ప్రాణం. ఆ పనే ఇప్పుడు పోయేలా ఉంది, నా కాళ్ల వల్ల.

కాళ్ల వల్ల అనడం కూడా తప్పే, ఒక మాట వల్ల. పెళ్లికి ముందు మా అత్తగారు నన్ను చూడటానికి వచ్చినప్పుడు గుమ్మంలో విప్పి ఉన్న చెప్పుల వంక చూసి, "పిల్లది ఎన్నో నంబరు?" అని అడిగింది. మా అమ్మ తడుముకోకుండా "ఐదు" అంది. అక్కడున్నవి మా చెల్లెలివి. నాది ఏడు. "అంతే ఉండాలి, ఆడపిల్లకు అంతకు మించి పాదం ఎందుకు," అని అత్తగారు మురిసిపోయింది. పెళ్లికి వాళ్లు కొన్నవి ఐదో నంబరు. తర్వాత ఎవరు ఏ సందర్భానికి కొన్నా ఐదే. కొన్నాళ్లకు నేనే షాపులోకి వెళ్లి "ఐదు చూపించండి" అనడం మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్లు. బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చింది, వేళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి, సాయంత్రానికి మడమ నేలకు ఆనదు. "ఈ పాదానికి సరిపోయే జోడు బజారులో దొరకదమ్మా. కొలతిచ్చి కుట్టించుకోండి. లేదంటే నిలబడే పని మానుకోండి," అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "మానెయ్. చెయ్యమని నిన్నెవరు కాళ్లావేళ్లా పడి అడిగారు?" అన్నాడు. "ఇంట్లో పని లేకనా," అంది అత్తగారు. ఇంటిపని కూర్చుని చేసేదని ఆవిడ ఉద్దేశం కాబోలు.

మొదటి కాగితాలకు మూడు వారాలకు జవాబొచ్చింది. "ఇవి కూర్చున్న మనిషి పాదాలు. బరువు మోసేటప్పుడు పాదం వేరుగా ఉంటుంది. దయచేసి నిలబెట్టి గీయండి," అని రాశాడు పెద్దాయన. చదివి వినిపించాను. "అంత దూరం నుంచి వాడికెలా తెలిసిందట? కాలికి వేస్తే మెడకి, మెడకి వేస్తే కాలికి," అన్నాడు మా ఆయన. అయినా లేచాడు. రెండు కాగితాల మీద రెండు పాదాలు పెట్టి నిలబడ్డాడు. నేను వంగానో లేదో, కాస్త తూలి నా నెత్తి మీద చెయ్యి వేశాడు. వేసింది తియ్యలేదు. రెండో చేత్తో ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు. మెడ లాగేస్తోంది. చెబుదామనుకున్నాను. ఇంకో రెండు వేళ్లేగా మిగిలింది అని ఊరుకున్నాను. ఇన్నేళ్లుగా నేను ఊరుకున్నవన్నీ అలాగే, ఇంకో రెండు వేళ్లేగా అని. మర్నాడు ఆ కాగితాలు పోస్టులో వేసి షాపుకు వెళ్లాను.

రెండో జవాబు భోజనాల వేళ వచ్చింది. షాపు వెనక, ఫ్రేముల పెట్టెలు పెట్టే గదిలో నిలబడి చదివాను. "ఈసారి నిలబడ్డారు, సంతోషం. కానీ కుడిపాదం మీద ఉన్నంత బరువు ఎడమపాదం మీద లేదు. ఆయన దేన్నో ఆనుకుని ఉన్నారు. ఆ వస్తువును అక్కణ్నుంచి తీసేసి మళ్లీ గీయండి. నెలాఖరులోగా అందకపోతే ఈ వంతు మరొకరికి ఇవ్వాల్సి వస్తుంది."

ముందు నవ్వొచ్చింది. పెద్దాయన నన్ను చూడలేదు, మా ఆయన ఆనుకున్నది నా నెత్తి అని తెలియదు. స్టూలనుకున్నాడో, గోడనుకున్నాడో. వస్తువు అన్నాడు. ఇరవై రెండేళ్లలో నా గురించి ఎవరూ ఇంత సరిగ్గా చెప్పలేదు. తర్వాత కోపం వచ్చింది, పెద్దాయన మీద కాదు. సముద్రాలవతల కాగితం చూసినవాడికి తెలిసిపోయింది. నెత్తిన మోస్తున్నదానికి తెలియడానికి ఇంతకాలం పట్టిందా అని నా మీదే. బయట ఎవరో కళ్లజోడు ముక్కు దగ్గర గుచ్చుకుంటోందని వచ్చారు, వెళ్లి సరిచేసి ఇచ్చాను.

సాయంత్రం "ఏమంటాడు మీ పెద్దాయన?" అని మా ఆయన అడిగాడు. "మళ్లీ గీయమన్నారు," అన్నాను. "ఒక్క పని తిన్నగా చెయ్యవు కదా." అప్పుడు అడిగాను. "ఏమండీ, ఈ ఏడు నాకు కుట్టిద్దాం. డాక్టరు చెప్పింది మీరూ విన్నారు. వచ్చే ఏడు మీకు. నా పాదాలు మీరు గీయండి, ఎవరివి వాళ్లు గీసుకోకూడదట." ఆయన ఫోను పక్కన పెట్టాడు. "అంటే ఏంటి, నన్ను నీ కాళ్లు పట్టుకోమంటావా?" అన్నాడు. కూరలు తరుగుతున్న అత్తగారు కత్తి ఆపి, "వాడి చేత అలాంటి పనులేంటమ్మాయ్," అని నొచ్చుకుంది. నేను రెండుసార్లు ఆయన కాళ్లు పట్టుకుంటే దాన్ని కొలత తీసుకోవడం అన్నారు. ఆయన ఒక్కసారి నా కాళ్లు ముట్టుకుంటే మాత్రం అది బతిమాలడం అయిపోతుంది. గొడవేమీ జరగలేదు. భోజనాలు వడ్డించాను, తిన్నారు, గిన్నెలు తోమాను.

మర్నాడు షాపు తెరవకముందే వెళ్లాను. లెన్సులు అరగదీసే అక్క అప్పటికే మిషన్ తుడుచుకుంటోంది. "అక్కా, నా పాదాలు గీసిపెడతావా?" అంటే, "దానికేం భాగ్యం," అని కొంగు దోపి కింద చతికిలబడింది. గోడకు దూరంగా, దేన్నీ పట్టుకోకుండా నిలబడ్డాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు. "ఏమే, అగ్గిపెట్టెలో గుమ్మడికాయ కుక్కినట్టు ఈ పాదాన్ని ఐదులో ఎలా దూర్చావే ఇన్నాళ్లూ?" అంది. అమ్మ చెప్పిన అబద్ధం గురించి చెప్పాను. పెన్సిల్ పక్కన పడేసి కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చేశాను. సిగ్గుతో ఏడ్చాను. నా కాలు ఎంతుందో చెప్పడానికి ఇరవై రెండేళ్లు భయపడ్డాను, ఇంకేమిటి. "కదలకు, ఇంకో వేలుంది," అంది అక్క. టేపు చూసి అంకెలు ఆవిడ చదివింది, నేను రాసుకున్నాను. ఏడు కూడా చాలలేదు, వెడల్పుకు ఇంకొంచెం కలపాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. "వంతు నా పేరు మీద ఉంది. నా పాదాలు పంపించాను." "నాకు చెప్పకుండానా?" అన్నాడు మా ఆయన. "అడిగాను కదండీ. కాళ్లు పట్టుకోమంటావా అన్నారు." అత్తగారే నెమ్మదిగా, "ఎన్నో నంబరు రాశావు?" అంది. "ఏడు." "మీ అమ్మ ఐదంది." "అబద్ధం చెప్పింది అత్తయ్యా." ఆవిడ నా పాదాల వంక చూసింది, ఈ ఇంట్లో కొత్తగా రెండు మొలిచినట్టు. ఆ తర్వాత నాలుగు రోజులు మా ఆయన పొద్దున్నే లేచి తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. బూట్లు వచ్చేదాకా ఉంటాయని ఏడో నంబరు రబ్బరు చెప్పులు కొనుక్కుని వాటితోనే షాపులో నిలబడుతున్నాను. ఓనరు మొహం చిట్లించాడు, అంతే.

నెలాఖరుకు జవాబొచ్చింది. "కొత్త కొలతలు అందాయి. సరిగ్గా ఉన్నాయి. తోలు కోయడం మొదలుపెడుతున్నాం. ఇంతకుముందు మీరు పంపిన ఆయన కాగితాలు మా దగ్గరే ఉన్నాయి. వాటిని ఏం చేయమంటారు?"

అక్కడికక్కడే జవాబు రాశాను.

"ఆయన ఇంకా నిలబడలేదండీ. నిలబడ్డాక ఆయనే రాస్తారు."