ఊ కొట్టనివాడి వంతు

భీమరాజు పేరులో భీముడున్నాడు గాని ఒంట్లో లేడు. ఉన్న బలమంతా గొంతులోకి చేరింది. భీమవరం రోడ్డు పక్కనున్న అతని ఐసు ఫ్యాక్టరీలో మిషన్లన్నీ కలిసి చేసే మోత ఒక ఎత్తు, కుర్చీలో కూర్చుని అతనొక్కడూ చేసే మోత ఒక ఎత్తు. కొడుకు ఐ.ఏ.ఎస్. కావాలని తండ్రి మావుళ్ళమ్మ తల్లికి మొక్కుకున్నారట. "గుళ్ళో రద్దీ కదండీ, అమ్మవారికి సగమే వినబడింది. ఐసు ఇచ్చి ఊరుకున్నారు" అని వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. కొత్తవాళ్ళు నవ్వుతారు. రొయ్యల లారీల డ్రైవర్లు మాత్రం అతను నోరు తెరిచేలోగా ఐసు ఎక్కించుకుని బండి కదిలిస్తారు.

అలాంటి మనిషి మొన్న గురువారం ఫోన్లో ఒక్క మాట విని, తన సరుకులాగే గడ్డకట్టుకుపోయాడు.

ఫోను చేసింది మెరకపాలెం ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్ సూర్యకళ. భీమరాజు ఐదో తరగతి దాకా చదివింది ఆ బళ్ళోనే.

"రాజుగారండీ, ఈ శనివారం మన స్కూల్ లైబ్రరీలో కథల పండగ పెట్టామండి. పాత విద్యార్థులు వచ్చి పిల్లలకి తలో కథా చదివి వినిపించాలి. మీరు తప్పకుండా రావాలండి."

"ఎంత చల్లని కబురు చెప్పారండీ! వస్తాను. పిల్లలకి పుల్లైసులు కూడా తెస్తాను."

"ఇంకో మాటండి. సత్యవాణి టీచరుగారు కూడా రాజమండ్రి నుంచి వస్తున్నారు. మీకు చదువు చెప్పారటగా?"

అక్కడ గడ్డకట్టాడు. ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల సూర్యకళ "హలో, హలో" అంటూనే ఉంది. భీమరాజు కళ్ళ ముందు మాత్రం ఒక గడ్డం మేక నిలబడి ఉంది.

అతని చిన్నప్పుడు మెరకపాలెం బడికి లైబ్రరీ అంటే ఒక రేకుపెట్టె. అందులోని పుస్తకాల్ని పిల్లలకన్నా ముందే చెదపురుగులు చదివేశాయి, ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా ఒక్క అక్షరం వదలకుండా. గ్రంథాలయంలో గ్రంథం పోయి లయమే మిగిలింది. అయినా సత్యవాణి టీచరుగారు శనివారం మధ్యాహ్నం లైబ్రరీ పీరియడ్ మానలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి. నీలం చీర కట్టుకుని, కొంగు నడుముకు దోపి, ఆ పెట్టె మీదే కూర్చుని నోటితో కథ చెప్పేవారు.

పిల్లలేమో ఇంట్లో అన్నాలు తిని, మజ్జిగ తాగి, కొబ్బరిచెట్ల గాలికి అప్పటికే తూగుతూ వచ్చేవారు. అందుకని ఆవిడ ఒక రూలు పెట్టారు. "కథకి ఊపిరి మీ 'ఊ'లోనే ఉందర్రా. అందరూ ఊ కొట్టాలి. ఎవరు ఊ కొట్టడం ఆపితే కథ వాళ్ళ వంతు. లేచి మిగతాది వాళ్ళే నడపాలి."

ఆ భయానికి క్లాసంతా "ఊ... ఊ..." అని పావురాల గూడులా మోగిపోయేది. ఒకసారి భీమరాజు పక్కన కూర్చునే చిట్టియ్య తూగుతూ దొరికిపోయి, తప్పించుకునే దారిలేక, రాజకుమారుణ్ణీ రాక్షసుణ్ణీ ఒకే బంతిలో కూర్చోబెట్టి పులిహోర వడ్డించేశాడు. టీచరుగారు దానికీ చప్పట్లు కొట్టించారు.

ఆ మేక కథ చెప్పింది ఐదో తరగతిలో. గోదారి మధ్య ఒక లంక. లంకలో పైడమ్మ అనే పిల్ల. ఆ పిల్లకో మేక. గడ్డం ఉంది కాబట్టి దాని పేరు జమీందారు. పేరుకు తగ్గ మొండిది. ముందుకు లాగితే వెనక్కి తన్నిపెట్టి నిలబడేది, ఊళ్ళో పహిల్వాన్లు లాగినా కదిలేది కాదు. మామూలు తాడుతో కడితే నమిలేసేదని దాన్ని పెద్ద మోకుతో కట్టేవారు. ఒకనాడు వరద వచ్చింది. ఊరంతా పడవెక్కింది. పడవ కదిలాక చూస్తే జమీందారు దిబ్బ మీద ఉండిపోయాడు. పైడమ్మ దూకేసింది. దిబ్బ చేరింది. పడవవాళ్ళు తాడు విసిరారు, పట్టుకుంది. అంతలో ఆ తాడు పుటుక్కున తెగింది. ఇటు దిబ్బ మీద పిల్లా మేకా. అటు వరదలో కొట్టుకుపోతున్న పడవలో ఊరు ఊరంతా.

అప్పుడు గంట కొట్టారు.

"ఏమవుద్దండీ?" అని బ్యాగు భుజానికెత్తుకోకుండానే అడిగాడు భీమరాజు.

"నువ్వే ఆలోచించుకో. శనివారం చూద్దాం" అన్నారు టీచరుగారు నవ్వుతూ.

ఆ శనివారానికి పెట్టె ఉంది గాని టీచరుగారు లేరు. బదిలీ అన్నారు. బడికీ బదిలీకీ అంత దగ్గర చుట్టరికం ఉందని పిల్లలకేం తెలుసు? విన్న కథలన్నీ పద్ధతిగా కంచికి వెళ్ళాయి. ఇదొక్కటీ నట్టేట్లో నిలబడిపోయింది. ఆ మేక భీమరాజు బుర్రలో మేకులా దిగింది. నోటికథ కాబట్టి ఏ పుస్తకాల కొట్లోనూ దొరకదు. ఇన్నేళ్ళలో గోదారికి వరద వచ్చి టీవీలో లంకలు చూపించినప్పుడల్లా, ఇంట్లోవాళ్ళు నీళ్ళను చూస్తే ఇతను మాత్రం మేకల్ని చూసేవాడు.

*

శనివారం పొద్దున్నే భీమరాజు ఐసుపెట్టెతో సహా చిట్టియ్య నడిపే ఆటో ఎక్కాడు. పదిమందిలో ఉంటే చిట్టియ్య "రాజుగారండీ" అంటాడు. ఆటోలో ఇద్దరే ఉంటే పద్ధతి వేరు.

"ఒరే భీముడూ, ఆ సెంటేంటిరా? ఆటో అంతా గుప్పుమంటోంది. పెళ్ళిచూపులకి గాని వెళ్తున్నావా?"

"ఇది సెంటు కాదురా, సెంటిమెంటు. నీకర్థం కాదు, బండి తోలు."

"మేక సంగతి అడుగుతావు కదూ?"

"అడక్కుండా ఎలా ఉంటాను?"

"నలభై ఏళ్ళు దాటిందిరా నాయనా! అప్పుడు బతికినా ఈపాటికి ఏ జాతరలోనో కూరైపోయుంటుంది."

"కథలో మేకరా అది. కథలో మేకలు కూరవ్వవు."

"అంత గట్టిగా తెలిస్తే ఇంక ఆవిణ్ణి అడగడమెందుకూ?" అన్నాడు చిట్టియ్య. భీమరాజు చెయ్యి చాపి హారన్ తనే కొట్టాడు.

బడికి ఇప్పుడు లైబ్రరీ గదుంది. గోడకు ఆ చివర నుంచి ఈ చివర దాకా పాత రొయ్యల వల కట్టి, దానికి బట్టల క్లిప్పులతో రంగురంగుల పుస్తకాలు తగిలించారు. పిల్లలు వెళ్ళి వలలోంచి చేపల్ని విడిపించుకున్నట్టు తీసుకుంటున్నారు.

"భలే ఉందండి మేడంగారూ! వల్లెవేయించే చోట వల వేశారు" అన్నాడు భీమరాజు. సూర్యకళ నవ్వి, గొంతు తగ్గించి, "టీచరుగారు లోపలున్నారండి. ఈమధ్య పేర్లూ అవీ సరిగా గుర్తుండటం లేదట. కాస్త నెమ్మదిగా మాట్లాడండి" అంది.

కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక చిన్న మనిషి కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది. కొంగు మాత్రం అలాగే నడుముకు దోపి ఉంది. భీమరాజు వంగి కాళ్ళకు దండం పెట్టాడు.

"చిట్టియ్యవి కదూ?" అన్నారావిడ.

"చిట్టియ్యని నేనండి" అన్నాడు వెనకనుంచి చిట్టియ్య. "ఈయన భీమరాజుగారండి. నా అంత అందగాడు కాదు లెండి."

ఆవిడ ఇద్దరినీ చూసి నవ్వారు. ఎవరు ఎవరో తేల్చుకున్నట్టు లేదు. అయినా భీమరాజు ఆగలేకపోయాడు. సూర్యకళ నెమ్మదిగా మాట్లాడమంది కదా, తన ఒంట్లో ఉన్న నెమ్మదినంతా కూడగట్టుకుని అడిగాడు.

"టీచరుగారూ, ఆ మేక ఏమైందండీ?"

"ఏ మేక నాయనా?"

అంతే. జీవితమంతా ఐసుతోనే బతికినవాడికి చలి అంటే ఏంటో అప్పుడు తెలిసింది. ఆ కథ ఈ లోకంలో ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఆవిడ దగ్గర కూడా లేకపోతే పైడమ్మా, జమీందారూ ఆ దిబ్బ మీద అలా నిలబడి ఉండాల్సిందే.

సూర్యకళ అతని చేతిలో నున్నటి బొమ్మల పుస్తకం పెట్టి పిల్లల ముందు కూర్చోబెట్టింది. చదవడం మొదలుపెట్టాడు. గొంతు బాగానే పలికింది. నాలుగు వాక్యాలయ్యాయి. చప్పుడు లేదు. పేజీ తిప్పాడు. చప్పుడు లేదు. తలెత్తి చూస్తే పిల్లలందరూ పెదాల మీద వేలు పెట్టుకుని, పోలీసు స్టేషన్లో సాక్షుల్లా కూర్చున్నారు. లారీ డ్రైవర్ల ముందు బెదరని గొంతు అక్కడ నీరుగారిపోయింది.

"ఏంటర్రా, ఊ కొట్టరేంటి?"

"గెస్టుల్ని డిస్టర్బ్ చెయ్యొద్దని నేనే చెప్పానండి" అంది సూర్యకళ.

"అదేంటమ్మా?" అన్నారు సత్యవాణి టీచరుగారు కుర్చీలోంచి. ఆ గొంతుకు గదంతా అటు తిరిగింది. "ఊ కొట్టకపోతే కథెలా నడుస్తుంది? కథకి ఊపిరి అక్కడే కదా ఉంది. వేళ్ళు తియ్యండర్రా. అందరూ ఊ కొట్టాలి. ఎవరు ఆపితే కథ వాళ్ళ వంతు."

మనుషుల పేర్లు పోయాయి. మేక పోయింది. రూలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

భీమరాజు పుస్తకం మూసి మళ్ళీ వలకు తగిలించాడు. "అనగనగా గోదారి మధ్యలో ఒక లంక" అన్నాడు.

"ఊ" అన్నారు పిల్లలు, మొదట కొంచెం సిగ్గుగా.

"ఆ లంకలో ఒక మేక. పేరు జమీందారు."

"ఊ!" ఈసారి నవ్వుతో.

మేక తన్నిపెట్టి నిలబడటం నిలబడి చూపించాడు. పహిల్వాన్లు లాగడం చిట్టియ్య చేత లాగించాడు. వరద తెచ్చాడు, పడవ కదిలించాడు, పైడమ్మను దూకించాడు. ప్రతి మాటకూ గది "ఊ" అంటోంది. ఆ ఊల మధ్య ఒక సన్నని ముసలి ఊ కూడా ఉందని అతనికి తెలుస్తూనే ఉంది. తాడు తెగింది. ఆగాడు.

"తర్వాతేంటి తాతగారూ?" అంది ముందు కూర్చున్న హారతి. నాలుగో తరగతి పిల్ల.

"తాతగారా! తాట తీస్తాను. తర్వాత నాకూ తెలియదమ్మా."

పిల్లలు గొల్లున అరిచారు. ఆ గోలలో చిట్టియ్య చెయ్యెత్తి, "టీచరుగారు ఊ కొట్టలేదండోయ్!" అని కేకేశాడు.

నిజమే. ఆ ముసలి ఊ ఆగిపోయింది. ఆవిడ తడబడి, తర్వాత ముసిముసిగా నవ్వి, కుర్చీలో ముందుకు జరిగారు.

"ఎక్కడిదాకా వచ్చాం?"

ప్రతి శనివారం అడిగినట్టే అడిగారు. భీమరాజు గబుక్కున కింద పిల్లల మధ్య చతికిలబడ్డాడు. మోకాళ్ళు కలుక్కుమన్నా పట్టించుకోలేదు. "తాడు తెగిందండి" అన్నాడు.

"తాడు తెగింది. నీళ్ళు పైడమ్మ మోకాళ్ళ దాకా వచ్చాయి."

"ఊ."

"మేక మెడలో మోకు అలాగే వేలాడుతోంది. ఆ మోకు కొస నీళ్ళల్లో తేలుతోంది."

"ఊ."

"పడవ దూరమైపోతోంది. పడవలో వాళ్ళమ్మ చేతులు చాపి పైడమ్మా, పైడమ్మా అని..."

పిల్లలందరూ ఊ కొట్టారు. భీమరాజు మాత్రం నోరు తెరుచుకుని ఆవిడ ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. అతని కళ్ళకు మళ్ళీ ఆవిడ ఒంటిమీద ఆ నీలం చీర, కింద రేకుపెట్టె, బయట కొబ్బరాకుల గలగల.

"ఐసు తాతగారు ఊ కొట్టలేదు టీచర్!" అని అరిచింది హారతి.

"రూలు రూలే" అన్నారు సత్యవాణి టీచరుగారు, తృప్తిగా వెనక్కి వాలుతూ. "లే. నడుపు."

"అది కాదండీ, నేను వినడానికి వచ్చాను..."

"లేవరా!"

లేచాడు. ఇన్నేళ్ళు ఏ ముగింపు కోసం కాచుకున్నాడో అది ఇప్పుడు తననే అడుగుతోంది. అప్పటి చిట్టియ్యలాగే పులిహోర వడ్డించేద్దామా అనిపించింది. కాని మునిగేది జమీందారు.

"పైడమ్మ... ఆ మోకు కొసని... దానికి ఒక రాయి కట్టి పడవకేసి విసిరింది."

"ఊ."

"పడవలో పహిల్వాన్లు పట్టుకున్నారు. లాగారు. హైలెస్సా అని లాగారు."

"లాగితే మేక రాదు కదా తాతగారూ?" అంది హారతి. "తన్నిపెడుతుంది కదా!"

భీమరాజు ఆ పిల్లకేసి చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా ముఖం విచ్చుకుంది.

"రాదమ్మా! ఎందుకొస్తుంది? జమీందారు కదా! నాలుగు కాళ్ళూ తన్నిపెట్టాడు. ఊరంతా కలిసి లాగింది. అంగుళం కదల్లేదు. మరి ఏది కదిలిందో చెప్పండి?"

"పడవ!" అని గది పేలిపోయింది.

"పడవే! లాగేకొద్దీ పడవే దిబ్బ దగ్గరికి వచ్చింది. కొట్టుకుపోతున్న ఊరిని మేక ఆపింది. మేకే మేకు అయింది. పైడమ్మ ఎక్కింది. వాళ్ళమ్మ ఒక దెబ్బ వేసి, కౌగిలించుకుంది. జమీందారు మాత్రం లాగితే ఎక్కలేదు. బతిమాలితే ఎక్కాడు."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. పిల్లలు పుల్లైసుల పెట్టె మీద పడ్డారు. చిట్టియ్య వాళ్ళను వరసలో నిలబెట్టలేక తనే ఒకటి తీసుకుని నాకుతున్నాడు. భీమరాజు కుర్చీ దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. అది తగ్గుతుందని ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"టీచరుగారూ, మీరు అనుకున్నది కూడా ఇదేనాండీ? మేక బతికినట్టేనా?"

ఆవిడ చేతిలో పుల్లైసు కరిగి మణికట్టు మీదికి కారుతోంది. కొంగుతో తుడుచుకుని, అతని తలమీద ఆ తడిచెయ్యే పెట్టారు.

"ఊ" అన్నారు.