బండి కింద సుసన్నా

సుల్తానాబాద్ దాటాక మూడో గేరు పడలేదు.

గిడియోన్ క్లచ్ తొక్కి మళ్ళీ నెట్టాడు. గేరు రాడ్డు అరచేతిలో గడగడలాడింది గాని లోపలికి పోలేదు. వెనక బొగ్గు టిప్పరు ఒకటి ఆపకుండా హారన్ కొడుతోంది. నడిరోడ్డు మీద బండి వేగం తగ్గిపోతోంది.

వెనక సీటు తీసేసి పరిచిన బొంత మీద బిక్షం పడుకొని ఉన్నాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు కరీంనగర్ దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకోకపోతే ఒళ్ళంతా ఉబ్బి ఊపిరాడదు. ఆ మూడుసార్లూ అతణ్ణి తీసుకెళ్ళి తీసుకొచ్చేది గిడియోన్ పాత సుమోనే.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు బిక్షం కళ్ళు తెరవకుండా.

"ఏం లేదు కాకా. నువ్వు పండుకో."

టిప్పరు ఒరుసుకుంటూ దాటిపోయింది. ఆ గాలికి సుమో ఊగింది. గిడియోన్ రెండు చేతులా రాడ్డు పట్టుకొని బలంగా తోశాడు. గేరు పడింది. వెంటనే కాళ్ళ కిందనుంచి ఏదో ఏడుస్తున్నట్టు చప్పుడు మొదలైంది. సెంటినరీ కాలనీ చేరేదాకా అతను మళ్ళీ గేరు మార్చలేదు. రాడ్డు మీదనుంచి చెయ్యి కూడా తియ్యలేదు.

బిక్షాన్ని దింపి, తన క్వార్టరు ముందు బండి ఆపి, దూరంగా నిలబడి చూశాడు. బండి నడుమ కిందనుంచి నూనె చుక్కలు చుక్కలుగా రాలుతోంది.

ఇంకొంచెం వంగితే ఎక్కడినుంచి కారుతోందో కనబడేది. గిడియోన్ వంగలేదు. చాలా ఏళ్ళ కింద అతను పనిచేసే బాయిలో కప్పు కూలింది. ఛాతీ దాకా బండరాళ్ళ కింద ఇరుక్కుపోయాడు. బయటికి తీసేసరికి ఒక షిఫ్టు దాటింది. ఆ తర్వాత బాయిలోకి దింపకుండా పైపని ఇచ్చారు. ఒళ్ళు బాగైంది గాని, ఏ బరువు కిందికీ అతను తల పెట్టలేడు. రైల్లో కింది బెర్తు మీద కూడా పడుకోడు. కాలనీలో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు.

మెకానిక్ మొగిలికి ఫోన్ చేశాడు. గేర్ బాక్సు వెనక నూనె కారకుండా పట్టి ఉంచే సీలును మొగిలి ఇప్పటికే రెండుసార్లు మార్చాడు.

"మల్ల కారుతందా? గట్లయితే గేర్ బాక్సు దించాలె అన్నా. బండి ఇడిసిపో. వారం పడ్తది."

వారమంటే మూడు డయాలసిస్‌లు. ఒకసారి వేరే బండి మాట్లాడుకొని పోతే, బిక్షం లోపల వాంతి చేసుకున్నాడని డ్రైవరు వాళ్ళను పెద్దపల్లి బస్టాండు దగ్గర దించేసి పోయాడు. బిక్షం భార్య సారక్క ఆ రోజు అతణ్ణి ఒళ్ళో పెట్టుకొని సిమెంటు బెంచీ మీద కూర్చున్న సంగతి గిడియోన్ మరిచిపోలేదు. ఇప్పుడు సారక్క గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎల్లుండి పోవాలె గద, గిడియోనూ?"

"పోదాం చిన్నమ్మా."

అనేశాడు గాని ఆ రాత్రి నిద్రపట్టలేదు. దారిలో గేర్ బాక్సు పట్టేస్తే? వెనక టిప్పరుంటే?

పొద్దున భార్య సుసన్నాకు అంతా చెప్పాడు. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. మిషన్ చెడిపోతే తనే విప్పి తనే బిగించుకుంటుంది.

"రెండుసార్లు సీలు మార్సిండు. రెండుసార్లు గదే కారుడు. సీలు తప్పు గాదేమో అనిపిస్తంది," అన్నాడు. "బండి ఊకె నిలబెడితే కారదు. కింద అట్టముక్క పెట్టి సూసిన. దూరం పోయొస్తెనే కారుతంది. అంటె, వేడెక్కినంకనే."

"కింద దూరి సూస్తె తెలుస్తది గద?"

సుసన్నా కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టింది.

"నేను సూస్త. ఏడ సూడాల్నో నువ్వు చెప్పు."

"వద్దు."

"మరి ఎవరు సూస్తరు? మొగిలి వారం అన్నడు."

మధ్యాహ్నం బండిని మంథని దాకా నడిపి వేడెక్కించి తెచ్చారు. గిడియోన్ చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. జాకీతో ముందు భాగం లేపాడు. స్టెప్నీ టైరును అడ్డంగా బండి కిందికి నెట్టి, దాని మీద మొద్దు పెట్టాడు. బండిని భుజంతో తోసి చూశాడు. మళ్ళీ తోశాడు. సుసన్నా నైటీ మీద అతని పాత డ్యూటీ చొక్కా వేసుకొని, చిరిగిన ఫ్లెక్సీ బ్యానరు పరుచుకొని కూర్చుంది.

"ఇగ చాలు తియ్యి," అంది.

"ఇంకోపాలి సూడనీ."

ఆమె వెల్లకిలా పడుకొని లోపలికి జరిగింది. ముందు తల పోయింది. తర్వాత భుజాలు. ఛాతీ బండి కిందికి పోతుంటే గిడియోన్ పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు పాదాలు మాత్రమే బయట మిగిలాయి. తన మీద రాళ్ళు పడ్డప్పుడు కూడా ఇంత భయపడ్డట్టు అతనికి గుర్తులేదు.

"మాట్లాడుకుంట ఉండు," అన్నాడు. "ఆపకు."

"మాట్లాడుతనే ఉన్న గద. అంత జిడ్డే. దుమ్ము అంటుకొని నల్లగ పేరుకుంది."

"తుడువు. కొత్తగ కారేది ఏ రంగుంది?"

"తేనె లెక్కుంది. థూ, కుళ్ళిన గుడ్డు వాసన."

"అయితే ఇంజన్ ఆయిల్ గాదు. గదైతె కర్రెగ ఉంటది. ఇది గేర్ ఆయిలే. ఏడికెల్లి వస్తంది?"

"పొడుగు రాడ్డు పెట్టెలకు పోయే కాడ. సుట్టూత ఊరుతంది."

కొత్త సీలు ఉన్నచోటే. గిడియోన్ పానాను నేల మీదుగా ఆమె చేతి దగ్గరికి తోశాడు.

"పెట్టె పక్కల ప్లగ్గు ఉంటది. ఆయిల్ పోసేది. కొంచెమే తిప్పు. మొకం పక్కకు పెట్టుకో, వేడిగుంటది."

పానా జారిన చప్పుడు. మళ్ళీ పట్టిన చప్పుడు. ఆ వెంటనే పాము బుస కొట్టినట్టు 'ఉస్స్' మంది. సుసన్నా కెవ్వుమంది.

"సుసన్నా!"

"ఏం గాలే, ఏం గాలే. గాలి! లోపలికెల్లి గాలి తన్నుకొచ్చింది, కుక్కర్ విజిల్ లెక్క."

గిడియోన్‌కు సంగతి అర్థమైంది. గేర్ బాక్సు వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. అది పోవడానికి పైన బ్రీదర్ అని చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోయింది. పోయే దారి లేక ఆ గాలే నూనెను సీలు సందులోంచి బయటికి తోస్తోంది. ఎన్ని సీళ్ళు మార్చినా అంతే.

"దొరికింది! ఇగ రా బయటికి," అన్నాడు.

అప్పుడే ఓపెన్‌కాస్టు గని వైపునుంచి సైరన్ మోగింది. రాళ్ళు పేల్చేముందు మోగించే బ్లాస్టింగు సైరన్. రోజూ వినేదే. విని ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. ఈ రోజు అతను దాన్ని పూర్తిగా మరిచిపోయాడు.

"సుసన్నా, జల్ది రా! బ్లాస్టింగు!"

"ప్లగ్గు బిగిస్త ఆగు, ఆయిలంత పోతది..."

"ఇడువు దాన్ని!"

నేల అదిరింది. క్వార్టరు కిటికీలు గలగలలాడాయి. మెత్తటి మట్టిలో జాకీ ఒక పక్కకు ఒరగడం గిడియోన్ కళ్ళారా చూశాడు.

ఆ తర్వాత తనేం చేశాడో అతనికి తెలియదు. ధడేల్‌మని చప్పుడైంది. మెడ మీద మన్ను రాలింది. కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాడు. నోట్లో దుమ్ము. వీపుకు ఇనుము తగులుతోంది. చేతిలో సుసన్నా జబ్బ ఉంది. అతను బండి కింద ఉన్నాడు.

అరవాలనుకున్నాడు. ఊపిరి లోపలికి పోతోంది గాని బయటికి రావడం లేదు.

"ఆగింది," సుసన్నా గొంతు చెవి పక్కనే వినిపించింది. "టైరు మీద ఆగింది. ఇంటున్నవా? నా కాళ్ళు కదుల్తున్నయి. నీయి కదుపు."

అతను కదలలేదు.

"గిడియోన్. కాళ్ళు కదుపు."

ఎప్పుడూ పేరు పెట్టి పిలవని మనిషి. అతను కాలు కదిపాడు. కదిలింది. రెండోదీ కదిలింది. మోచేతుల మీద వెనక్కి పాకుతూ బయటికి వచ్చాడు. ఆమె జబ్బ విడవకుండా ఆమెనూ లాక్కొచ్చాడు. లేచి రెండడుగులు వేసి, కంచె పక్కన కక్కుకున్నాడు.

సుసన్నా నేల మీదే కూర్చుంది. చెంప మీద నూనె, జుట్టులో మన్ను. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న మనిషి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"నువ్వెందుకొచ్చినవ్ లోపలికి? నీ మీద పడితే?"

"తెల్వది," అన్నాడు.

చాలాసేపు ఇద్దరూ బండి వంక చూడలేదు.

బ్రీదర్ పనికి కిందికి దూరనక్కరలేదు. గిడియోన్ బండి లోపల కూర్చొని గేరు రాడ్డు చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు, దాని కింది రేకు విప్పాడు. స్క్రూలు చేజారి కింద పడ్డాయి. ఏరింది సుసన్నానే. గేర్ బాక్సు నెత్తిన బొటనవేలంత బ్రీదర్ మూత. రోడ్ల మీది బొగ్గు దుమ్ము, కారిన నూనె కలిసి దాన్ని తారులా కప్పేశాయి. గీకి, డీజిల్‌లో కడిగి, సన్న తీగ దూర్చి పొడిచాడు. నోటితో ఊదితే గాలి అవతలికి పోయింది.

పోయిన ఆయిల్ మళ్ళీ నింపాలి. అది మాత్రం పక్క ప్లగ్గులోంచే పొయ్యాలి. జాకీ తీసేసి బండిని నాలుగు చక్రాల మీద నిలిపాక సుసన్నా మళ్ళీ ఫ్లెక్సీ పరవబోయింది.

"నువ్వు వద్దు," అన్నాడు గిడియోన్.

బండి పక్కన బోర్లా పడుకున్నాడు. చెయ్యి, భుజం లోపలికి పెట్టాడు. తల పెట్టలేకపోయాడు. ముఖం ఆమె వైపు తిప్పుకొని, వేళ్ళతో తడిమి ప్లగ్గు తీసి పైపు దూర్చాడు. ఆమె పైనుంచి డబ్బా వంచింది. నిండి పొంగి వేళ్ళ మీదికి వచ్చేదాకా అతను ఆమె ముఖం మీదనుంచి చూపు తిప్పలేదు.

మర్నాడు బయల్దేరారు. బిక్షం వెనక పడుకున్నాడు, సారక్క అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. గేర్లు మెత్తగా పడుతున్నాయి. అయినా ప్రతిసారీ గిడియోన్ పళ్ళు బిగబట్టాడు. పెద్దపల్లి దగ్గర ఆపి, దిగి, మోకాళ్ళ మీద వంగి చూశాడు. పొడిగా ఉంది. సుల్తానాబాద్‌లో మళ్ళీ ఆపాడు. ఒక చుక్క వేలాడుతోంది. గుడ్డతో తుడిచి చూస్తే నల్లని పాత జిడ్డు, వేడికి కరిగి కిందికి జారింది. అక్కడే నిలబడి ఇంకో చుక్క కోసం చూశాడు. రాలేదు.

"ఏందిరా, ఊరికో పాలి ఆపుతున్నవ్?" అన్నాడు బిక్షం.

"ఉచ్చకు కాకా."

"నాకు రావు, నీకు ఆగవు," అన్నాడు బిక్షం. సారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కరీంనగర్‌లో బిక్షాన్ని లోపలికి తీసుకుపోయాక గిడియోన్ ఇంటికి ఫోన్ చేశాడు.

"కారిందా?" అంది సుసన్నా.

"లేదు."

అవతల ఆమె ఊపిరి వదలడం వినిపించింది. "నిమ్మళంగ రాండ్రి," అని పెట్టేసింది.

సారక్క చాయ్ తెచ్చి ఇచ్చింది. గిడియోన్ గ్లాసు అందుకోబోతే చెయ్యి వణికి చాయ్ మణికట్టు మీద ఒలికింది. సారక్క గ్లాసు వెనక్కి తీసుకొని, కొంగుతో పట్టుకొని అతని పక్కన మెట్టు మీద కూర్చుంది.

"తొందరేం లేదు బిడ్డా," అంది.