జార్వోకి ఇక్కడ పొలం లేదు

నేను ఒక కత్తిని. నవ్వకండి. నన్ను మొదటిసారి చూసినవాళ్ళందరూ నవ్వినవాళ్ళే. అరచేతిలో ఇమిడిపోయే చెక్కముక్క, దాని అంచున వేలెడు ఇనుపరేకు, పట్టుకోవడానికి అడ్డంగా ఒక వెదురుపుల్ల. నా ఒళ్ళంతా కలిపితే ఇంతే. జావా పల్లెల్లో నన్ను అనీ-అనీ అంటారు. ఆడవాళ్ళు నన్ను వేళ్ళ మధ్య దాచుకుని వరి వెన్నులను ఒక్కొక్కటిగా కోస్తారు. పెద్ద కొడవలిని చూస్తే వరితల్లి బెదిరి వెళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం. ఆ తల్లి పేరు శ్రీ. మీరు లక్ష్మిని పిలుచుకునే పేరే. ఆ ఊళ్ళలో అందరూ నమాజు చేసేవాళ్ళే, అయినా వరి దగ్గరికి వచ్చేసరికి శ్రీతల్లిని అడగకుండా ఒక్క గింజ ముట్టుకోరు.

ఇంత చిన్న కత్తి ఎవరిని ఏం చేయగలదు అని మీకు అనిపిస్తుంది. నాకూ చాలా ఏళ్ళు అలాగే అనిపించింది. నేను పగబట్టిన మనిషి మెడ నా రేకుకి నాలుగింతలు ఉండేది.

నన్ను చేసినవాడు జావా దక్షిణాన సున్నపురాయి కొండల్లో ఉండే ఒక వడ్రంగి. పనస వేరు చెక్కి, మంగలి పారేసిన కత్తి ముక్కను అందులో బిగించి, పన్నెండేళ్ళ కూతురు వగియెమ్ చేతిలో పెట్టాడు. తల్లి లేని ఆ ఇంట్లో తమ్ముడు తుకిరన్‌ని పెంచింది ఆమే. పెళ్ళయి ఏడాది తిరగకుండానే భర్త పోతే మళ్ళీ తమ్ముడి దగ్గరికే వచ్చింది. తుకిరన్ మెతక మనిషి. అక్కను 'యూ' అని పిలిచేవాడు. వాళ్ళ వైపు అక్కను అలాగే పిలుస్తారు. చదువు రాలేదు. చేతిలో పని మాత్రం ఉండేది.

ఆ కొండల్లో రాయి పండుతుంది గాని వరి పండదు. అందుకే సర్కారువాళ్ళు సముద్రం అవతల సుమత్రా దీవిలో అడవి కొట్టి, పెళ్ళయిన ప్రతి కుర్రాడికీ రెండు హెక్టార్ల నేల, ఒక చెక్క ఇల్లు ఇస్తామన్నారు. అప్పటికే పెళ్ళయిన తుకిరన్ పేరు జాబితాలో వచ్చింది. ఆ రోజు అతను నన్ను అక్క దగ్గర అడిగి తీసుకుని, నా రేకుని తానే రాతిమీద నూరాడు. "యూ, అక్కడ మన సొంత వరి కోస్తావు నువ్వు," అన్నాడు. ఇప్పటికీ నా అంచున ఆ నూరుడు గీతలు ఉన్నాయి.

పొరుగింటి జార్వోకి నలభై మూడేళ్ళు. వయసు మించిపోయిందని అతన్ని తీసుకోలేదు. కానీ అతనికి చదవడం వచ్చు. ప్రయాణం తేదీ రాసిన ఉత్తరం వస్తే తుకిరన్ దాన్ని అతని దగ్గరికే తీసుకెళ్ళాడు, ఎప్పుడూ అలాగే కదా అని. జార్వో చదివి, "పదిహేను రోజులు వెనక్కి జరిపారు తమ్ముడూ. కాగితాలు నా దగ్గర ఉంచు, తడిసిపోకుండా చూస్తాను," అన్నాడు. తుకిరన్ దండం పెట్టి మరీ ఇచ్చాడు.

మూడో రోజున ఆఫీసు మైదానానికి లారీ వచ్చింది. గుమాస్తా తుకిరన్ అని పిలిస్తే, చుట్టాల ఊరికని ఊళ్ళో చెప్పి వచ్చిన జార్వో పలికాడు. అతని భార్య తల వంచుకుని వెనకాలే ఎక్కింది. పదిహేను రోజుల తర్వాత మావాళ్ళు మూటలు కట్టుకుని వెళ్ళి మైదానంలో సాయంత్రం దాకా కూర్చున్నారు. అక్కడ లారీ లేదు, మనుషులు లేరు. ఆఫీసులో అడిగితే, తుకిరన్ అనే అతను ఎప్పుడో వెళ్ళిపోయాడే, నువ్వెవరు అన్నారు.

ఆ మాట తుకిరన్‌ని తినేసింది. సున్నం బట్టీలో పనికి కుదిరాడు. తన పేరు అడిగితే చెప్పడానికి కూడా తడుముకునేవాడు. రెండేళ్ళకి రొమ్ములో నెమ్ము చేరి పోయాడు. అతని భార్య పుట్టింటికి చేరింది. జావా వాళ్ళకి చావు ఒక్కరోజుతో తీరదు. మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, చివరికి వెయ్యో రోజు, ఇరుగుపొరుగుని పిలిచి అన్నం పెట్టి, పోయినవాడి పేరు చెప్పి ప్రార్థన చేయించాలి. వగియెమ్ దగ్గర మూడో రోజుకే బియ్యం లేవు. ఎండిన కర్రపెండలం ఉడకబెట్టి పంచింది. నలభయ్యో రోజు దాటాక అదీ లేదు. నా తుకిరన్‌కి వెయ్యో రోజు జరగలేదు. నేను మరిచిపోలేని సంగతి అదొక్కటే.

తర్వాత ఆమె ఇంకో బృందానికి వంటమనిషిగా కుదిరి ఓడ ఎక్కింది. నన్ను నడుముకి చుట్టిన గుడ్డలో దోపుకుంది. ఆ ఊరి ఆచూకీ ఎలా పట్టిందో నాకు తెలియదు, నేను ఎప్పుడూ నడుము దగ్గరే ఉన్నాను. మేం చేరేసరికి ఆ ఊరికి పేరు లేదు, ఇరవై రెండో బ్లాకు అనేవాళ్ళు. గీత గీసినట్టు దారులు, ఒకే కొలత ఇళ్ళు, పొలాల నిండా కాలిన మొద్దులు, సాయంత్రమయ్యేసరికి దోమలు. ఏళ్ళు గడిచి కాలువ వచ్చి, రబ్బరు చెట్లు ఎదిగాక సుంబెర్ తెంత్రెమ్ అని పేరు పెట్టుకున్నారు. శాంతి ఊట అని అర్థం. పేరు పెట్టినవాడు నన్ను అడగలేదు.

వాగు పక్కన మంచి పొలం చేసుకుని, వీధి పెద్దగా తిరుగుతున్న జార్వోని మేం మొదటిరోజే చూశాం. అతన్ని అందరూ 'పాక్ తుకిరన్' అంటున్నారు, అంటే తుకిరన్ అయ్యగారు. వగియెమ్‌ని చూసి అతనికి కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. "బాగున్నారా పాక్ తుకిరన్," అని ఆమె పలకరించి ముందుకి నడిచింది. నన్ను తీయి, గొంతు పట్టుకో, మిగతాది నేను చూసుకుంటాను అని గింజుకున్నాను. కత్తి మాట ఎవరికి వినిపిస్తుంది? పైగా ఆమె అరిచి గోల చేస్తే మాత్రం ఏం జరిగేది? కాగితాలన్నీ తుకిరన్ పేరు మీదే ఉన్నాయి, తుకిరన్‌గా అందరూ ఎరిగినవాడు అతనే. ఈమె ఎవరో వంటమనిషి.

వగియెమ్‌కి తెలిసిన విద్య ఒకటుంది. కోతకి ముందు పొలంలో మొదటి వెన్నులు కోసి, రెండు పిడికెళ్ళు వధూవరుల్లా కట్టి, శ్రీతల్లిని ఇంటికి పిలవాలి. అది అయ్యేదాకా ఏ ఆడదీ పొలంలో అడుగు పెట్టదు. ఆ పద్ధతి ఆ బ్లాకులో ఇంకెవరికీ సరిగా రాదు. పైగా ఆ రోజు ఏదో లెక్క కట్టాలి. జావా వాళ్ళకి మీలాగే ఏడు వారాలు, వాటితో పాటు వగే, పోన్ లాంటి పేర్లతో ఐదు సంతరోజులు కూడా ఉంటాయి. పొలం గల మనిషి ఏ వారం ఏ సంతరోజున పుట్టాడో చూసి, ఆ లెక్కతో కోత రోజు పెడతారు. ప్రార్థనలో ఆ మనిషి పేరు, పుట్టిన రోజు రెండూ చెప్పాలి. అవి తప్పితే తల్లి వేరే ఇంటికి పోతుందని భయం. ఆ భయం లేని జావా రైతుని నేను చూడలేదు.

మొదటి పంటకే ఊరంతా వగియెమ్ దగ్గరికి వచ్చారు. జార్వో కూడా రాక తప్పలేదు. వాకిట్లో ఇరవైమంది ఆడవాళ్ళు ఉండగా ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని, చాలా మర్యాదగా అడిగింది.

"పాక్ తుకిరన్ శనివారం వగే నాడు కదూ పుట్టారు? మనది ఒకే కొండ. నాకు గుర్తే."

జార్వో పుట్టింది సోమవారం పోన్ నాడు. అందరూ చూస్తున్నారు. "ఆ... శనివారం వగే," అన్నాడు. అంతే. మా తుకిరన్ పేరుని, అన్నాన్ని దొంగిలించినవాడు ఆ రోజు అతని పుట్టుకని కూడా తన నోటితోనే తీసుకున్నాడు. నేను అప్పుడు గాని వగియెమ్‌ని అర్థం చేసుకోలేదు. ఇన్నాళ్ళూ ఆమెను పిరికిది అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

పన్నెండేళ్ళు. ప్రతి పంటకీ అదే ప్రశ్న, అదే మర్యాద, అదే గుంపు ముందు. ప్రతి పంటకీ ఆమె అతని పొలంలో వంగి, నాతో మొదటి వెన్ను కోసి, శనివారం వగే నాడు పుట్టిన తుకిరన్ ఇంటికి రమ్మని తల్లిని పిలిచేది. గట్టున నిలబడి జార్వో వినాలి. ఎలుకలు పడితే తల్లి తన ఇంటికి రాలేదనుకునేవాడు. చలిజ్వరంతో భార్య పోతే అదీ అందుకేననుకున్నాడు. నిజానికి ఎలుకలు అందరికీ పడ్డాయి, జ్వరం ఊళ్ళో సగం మందిని తీసుకుంది. మనిషి తప్పు చేశాక ఎలుక కూడా దేవుడు పంపినట్టే కనిపిస్తుంది కాబోలు. ఆమె ఎప్పుడు బయట పెడుతుందా అని అతను ఎదురుచూస్తూ చిక్కిపోయాడు. ఆమె మాత్రం పెట్టలేదు.

పదమూడో ఏడు జార్వో కొత్తరకం పొట్టి వరి వేశాడు. మా పాత పొడుగు వరి పండాక పక్షం రోజులు నిలబెట్టినా గింజ రాల్చదు. పొట్టి వరికి ఓపిక లేదు, పండిన రెండు మూడు రోజుల్లో కోయకపోతే గాలికే రాలిపోతుంది. చేను బంగారంలా పండింది. పడమట మబ్బులు కూడాయి. వగియెమ్ లెక్క కట్టి, శనివారం వగే మనిషికి ఎనిమిది రోజుల తర్వాతే మంచిరోజు అంది. లెక్కలో ఒక్క అంకె తప్పు లేదు. నేను ఒళ్ళోనే ఉన్నాను. సోమవారం పోన్ మనిషికైతే రేపే మంచిరోజు. అది తెలిసినవాళ్ళు ఇద్దరే.

కొడవళ్ళు తెచ్చి కోయించుకోమని ఎవరో సలహా ఇచ్చారు. జార్వో కొడవలి పట్టుకుని గట్టు దాకా వెళ్ళి, దిగలేక తిరిగి వచ్చాడు. ఆడవాళ్ళు ఎలాగూ రారు. మర్నాడు పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆడవాళ్ళు ధాన్యం చెరుగుతున్నారు.

"యూ వగియెమ్, ఇంకోసారి లెక్క కట్టు."

"కడతాను. మనిషి మారితే లెక్క మారుతుంది. ఎవరికి కట్టమంటారు?"

అతను మబ్బు వంక చూశాడు. "జార్వోకి కట్టు. సోమవారం పోన్."

"జార్వో ఎవరు?" అంది చేట పట్టుకున్న ఒకామె.

"నేనే," అన్నాడు అతను. ఆ తర్వాత ఆగలేకపోయాడు. ఉత్తరం, పదిహేను రోజులు, లారీ, పిలిచిన పేరు, పలికిన గొంతు, అన్నీ చెప్పేశాడు. చేటలు ఆగిపోయాయి. చెప్పడం అయ్యాక అతని ముఖంలో తేలిక వచ్చింది. ఇక ఆమె లేస్తుంది, నన్ను తీసుకుని పొలానికి వస్తుంది అనుకున్నాడు పాపం.

వగియెమ్ నన్ను గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.

"పొలం ఉన్నవాళ్ళకే కదా నేను తల్లిని పిలిచేది," అంది. "జార్వోకి ఇక్కడ పొలం లేదు."

మధ్యాహ్నానికి వాన అందుకుంది. మూడు రోజులు వదల్లేదు. ఆ చేను నీళ్ళలో పడుకుని, రాలిన గింజ రాలినచోటే మొలకలెత్తింది. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పడానికి సిగ్గుపడను.

ఊరి మగవాళ్ళు కూర్చుని, అధికారులకి చెబుదామా, వెళ్ళగొడదామా అని వాదించుకున్నారు. వగియెమ్ ఒక్కటే అడిగింది. ఎవరికీ చెప్పొద్దు, పొలం అతన్నే చేసుకోనివ్వండి, కానీ ఇక చచ్చేదాకా, చచ్చాక కూడా, అతన్ని తుకిరన్ అనే పిలవాలి, ఇంకో పేరు ఈ ఊళ్ళో వినబడకూడదు. ఎంత మంచి మనసు అన్నారు మగవాళ్ళు. మగవాళ్ళకి కొన్ని అర్థం కావు.

జార్వోకి అర్థమైంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. నాలుగేళ్ళ తర్వాత మంచాన పడ్డప్పుడు ఆమెను పిలిపించాడు. గంజి పట్టుకుని వెళ్ళింది. నేను నడుము దగ్గర ఉన్నాను.

"యూ, నేను పోయాక ప్రార్థనలో నా పేరు చెప్పించు. ఒక్కసారి చాలు. లేకపోతే అదంతా ఎవరికి చేరుతుంది?"

ఆమె గంజి తాగించి మూతి తుడిచింది. "మీ పేరే చెప్పిస్తాను, పాక్ తుకిరన్."

"జార్వో అని."

"ఆ పేరు గల మనిషి ఈ ఊరు రాలేదు," అంది.

అన్న మాట తప్పలేదు. మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు. పిల్లలు లేనివాడి పొలాన్ని ఊరే సాగు చేసి, ఆ ధాన్యంతోనే అన్నాలు పెట్టించింది. ఆ పొలంలో ప్రతి కోతకీ మొదటి వెన్ను నేనే కోశాను. వెయ్యో రోజున ఊరంతా చాపల మీద కూర్చుని, చేతులు చాచి, శనివారం వగే నాడు పుట్టిన తుకిరన్‌కి శాంతి కలగాలని వేడుకున్నారు. వగియెమ్ అన్నం గిన్నె పక్కన కూర్చుని, పెళ్ళిలో ఏడ్చినట్టు ఏడ్చింది. సున్నం బట్టీ దగ్గర మట్టిలో ఉన్న నా తుకిరన్‌కి ఆకలి తీరింది. జార్వో ఎక్కడున్నాడో, ఎవరి పేరు మీద ఏం తింటున్నాడో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ఇప్పుడు అందరూ కొడవళ్ళు, మిషన్లు వాడుతున్నారు. వగియెమ్ పోయాక నన్ను గ్రామ కార్యాలయంలో అద్దాల బీరువాలో పెట్టారు. ఎదురుగోడ మీద ఊరి వివరాల బోర్డు ఉంది. జనాభా ఇంత, వరి ఇంత, రబ్బరు ఇంత, మొదట వచ్చిన కుటుంబాలు ఇవి. ముప్ఫై ఒకటో పేరు తుకిరన్. సముద్రం దాటని మనిషి ఊరు స్థాపించినవాళ్ళలో ఒకడయ్యాడు. రోజూ చదువుకుంటాను.

నా కింద కూడా ఒక చీటీ అంటించారు. 'పాతకాలపు కత్తి. ఒక్కొక్క వెన్నునే, చాలా నెమ్మదిగా కోసేది' అని రాశారు.

నిజమే. నెమ్మదిగానే కోశాను.